క్రాస్‌మగ్లెన్: సరిహద్దు గీత పక్కన పడ్డ ఊరు

ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర మొదలై మూడు దశాబ్దాలు నడిచిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. బెల్‌ఫాస్ట్, డెర్రీ నగరాల పేర్లు అప్పట్లో రోజూ పేపర్లలో వచ్చేవి. కానీ బ్రిటిష్ సైన్యానికి అన్నిటికంటే ప్రమాదకరమైన పోస్టింగుల్లో ఒకటి నగరంలో లేదు. అది దక్షిణ ఆర్మా ప్రాంతంలోని క్రాస్‌మగ్లెన్ అనే ఊళ్లో ఉండేది. జనాభా దాదాపు 1,600. ఊరి మధ్యలో సంతలు జరిగే పెద్ద కూడలి, చుట్టూ రాతి గోడల పొలాలు, గొర్రెలు, పశువులు. ఈ ఊరి చుట్టుపక్కల ప్రాంతంలో 1970 నుంచి 1997 దాకా 160 మందికి పైగా సైనికులు, పోలీసులు చనిపోయారు. మామూలు జనం పదుల సంఖ్యలో పోయారు.

1970ల మధ్యలో ఉత్తర ఐర్లండ్ వ్యవహారాలు చూసిన బ్రిటన్ మంత్రి మెర్లిన్ రీస్ ఈ ప్రాంతాన్ని బందిపోట్ల రాజ్యం అన్నారు. పత్రికలు ఆ మాటను పట్టుకున్నాయి, అదే పేరు స్థిరపడిపోయింది. దాంతో అక్కడి మనుషుల తత్వమే అంత, తరతరాలుగా వాళ్లు అలాగే ఉన్నారు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఊరి చరిత్రను వరుసగా చూస్తే అది నిలవదు. ప్రతి మలుపులో ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని తీసుకున్న నిర్ణయం కనిపిస్తుంది. ఫలానా తేదీన ఫలానా గదిలో ఇంకోలా తీసుకోగలిగి ఉండి కూడా తీసుకోని నిర్ణయాలవి. అలాగే ఊరివాళ్లు, వాళ్ల పక్కనే ఉన్నవాళ్లు తుపాకీ పట్టి తమకు తాముగా చేసిన పనులూ ఉన్నాయి. వాటికి సరిహద్దును సాకుగా చూపించలేం.

మ్యాపు ముందు పెట్టుకుంటే సగం విషయం అర్థమవుతుంది. ఆర్మా కౌంటీ దక్షిణపు కొస ఐర్లండ్ రిపబ్లిక్‌లోకి మొనలా పొడుచుకుని ఉంటుంది. పడమట మొనహన్ కౌంటీ, దక్షిణాన, తూర్పున లౌత్ కౌంటీ, రెండూ రిపబ్లిక్‌వే. క్రాస్‌మగ్లెన్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు వెళితే దేశం మారుతుంది. ఊరికి దగ్గరి పెద్ద పట్నం డన్‌డాక్, అది అవతలి దేశంలో ఉంది. మొత్తం సరిహద్దు పొడవు 499 కిలోమీటర్లు, దాన్ని దాటే రోడ్లు 200కు పైనే. ఈ గీతను ఎవరూ కొత్తగా కొలిచి గీయలేదు. పాత కౌంటీల హద్దునే దేశాల హద్దుగా మార్చేశారు. అందుకే అది వాగుల వెంట, కంచెల వెంట వంకరటింకరగా పోతుంది. కొన్నిచోట్ల ఒకే రైతు పొలాన్ని రెండు ముక్కలు చేస్తుంది.

గీత రాకముందు ఈ నేల ప్రశాంతంగా ఉందని కాదు. 1600లో ఇంగ్లిష్ సేనాని మౌంట్‌జాయ్, ఐరిష్ నాయకుడు హ్యూ ఓనీల్ సేనలు ఇక్కడికి తూర్పున ఉన్న మోయిరీ కనుమలో తలపడ్డాయి. ఆ మరుసటి ఏడాది కనుమ మీద కాపలాకు కట్టిన చిన్న కోట ఇప్పటికీ నిలిచి ఉంది. తర్వాత ఉత్తరాన సారవంతమైన భూములు ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లకు దక్కాయి. దక్షిణాన రాళ్లూ గుట్టలూ ఉన్న నేల మీద ఐరిష్ మాట్లాడే కాథలిక్కులు మిగిలారు. 1791లో క్రాస్‌మగ్లెన్ పక్కనున్న ఫోర్క్‌హిల్‌లో ఒక ప్రొటెస్టెంట్ బడిపంతులి ఇంటి మీద దాడి జరిగింది. ఆయన్నీ ఇంట్లోవాళ్లనీ దారుణంగా హింసించారు. దాని వెనకున్న గొడవ భూమిది. చనిపోయిన ఒక జమీందారు ఆస్తిలో ప్రొటెస్టెంట్ కౌలుదార్లను తెచ్చి పెట్టడం మీద మొదలైంది. నాలుగేళ్లకు, 1795లో, ఇదే కౌంటీ ఉత్తర భాగంలో ప్రొటెస్టెంట్ల సంఘమైన ఆరెంజ్ ఆర్డర్ పుట్టింది. అంటే కౌంటీలో ఉత్తరం ఒక తీరుగా, దక్షిణం ఇంకో తీరుగా సాగడం సరిహద్దు కంటే చాలా ముందే ఉంది. ఈ తేడా తెలిసి కూడా 1920లో కౌంటీ మొత్తాన్ని ఒకే ముక్కగా లెక్కేశారు.

ఆ సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ఐర్లండ్‌ను రెండుగా విడదీసింది. ప్రొటెస్టెంట్లు మెజారిటీగా ఉండేలా ఆరు కౌంటీలను కలిపి ఉత్తర ఐర్లండ్ చేశారు. ఆర్మా కౌంటీలో కాథలిక్కులు దాదాపు 45 శాతం ఉండేవారు, అయితే వాళ్లలో చాలామంది దక్షిణాన ఒకేచోట ఉన్నారు. క్రాస్‌మగ్లెన్ చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు అందరూ కాథలిక్కులే, ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరుకున్నవాళ్లే. వాళ్లను ఎవరూ అడగలేదు.

హింస వెంటనే మొదలైంది. 1922 జూన్ 17న న్యూరీ దగ్గర ఆల్ట్‌నవే అనే పల్లెలో ఫ్రాంక్ ఐకెన్ నాయకత్వంలోని ఐఆర్‌ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, బ్రిటన్ పాలన లేని ఒకే ఐర్లండ్ కోసం తుపాకీ పట్టిన సంస్థ) దళం ఆరుగురు ప్రొటెస్టెంట్లను చంపింది. అంతకుముందు ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వపు స్పెషల్ పోలీసులు కాథలిక్కుల మీద చేసిన దురాగతాలకు ఇది ప్రతీకారం అన్నారు. చచ్చిపోయినవాళ్లకు ఆ దురాగతాలతో సంబంధం లేదు. ఐకెన్ తర్వాతి కాలంలో ఐర్లండ్ విదేశాంగ మంత్రిగా ఐక్యరాజ్యసమితిలో ఎంతో గౌరవం పొందారు. ఆల్ట్‌నవే కుటుంబాల పిల్లలు మాత్రం ఆ రాత్రిని తమ పిల్లలకు చెబుతూ బతికారు.

ఈ గీత తాత్కాలికమని అప్పట్లో చాలామంది నమ్మారు. అలా నమ్మడానికి ఆధారం కూడా ఉంది. దక్షిణ ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇస్తూ 1921 డిసెంబరు 6న కుదిరిన ఆంగ్లో ఐరిష్ ఒప్పందంలోని 12వ అధికరణం ప్రకారం ఒక కమిషన్ వచ్చి సరిహద్దును సవరించాలి. ప్రజల కోరికను బట్టి, ఆర్థిక, భౌగోళిక పరిస్థితులు ఒప్పుకున్నంత మేరకు, అని అందులో రాశారు. క్రాస్‌మగ్లెన్ విషయంలో అందులో ఏ చిక్కూ లేదు. ప్రజల కోరిక ఏమిటో అందరికీ తెలుసు. భూగోళం చూస్తే ఊరికి మూడు వైపులా స్వేచ్ఛా ఐర్లండే.

కమిషన్‌కు దక్షిణాఫ్రికా న్యాయమూర్తి రిచర్డ్ ఫీతమ్ అధ్యక్షుడు. డబ్లిన్‌లోని ఐర్లండ్ ప్రభుత్వం తరఫున చరిత్రకారుడు ఓవెన్ మెక్‌నీల్. ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం తన మనిషిని పంపనని మొండికేయడంతో లండనే జె. ఆర్. ఫిషర్‌ను నియమించింది. సాక్ష్యాలు తీసుకున్నారు, ఊళ్లు తిరిగారు, మ్యాపులు గీశారు. పెద్ద మార్పులు చేయకూడదని ఫీతమ్ ముందే నిర్ణయానికి వచ్చారు. న్యూరీ పట్టణంలో కాథలిక్కులు ఎక్కువే అయినా వ్యాపార సంబంధాల పేరుతో దాన్ని ఉత్తరంలోనే ఉంచారు. అయినా ఆయన గీసిన కొత్త గీతలో క్రాస్‌మగ్లెన్‌తో సహా దక్షిణ ఆర్మా, అంటే 14 వేల మందికి పైగా జనం, అవతలి వైపు వెళ్లాలి.

కాగితం మీద ఊరు చేతులు మారింది. 1925 నవంబరు 7న మార్నింగ్ పోస్ట్ అనే లండన్ పత్రిక నివేదిక సారాంశాన్ని బయటపెట్టింది. డబ్లిన్‌లో గగ్గోలు మొదలైంది. దక్షిణ ఆర్మా వస్తుందన్న సంతోషం కన్నా, తూర్పు డొనెగాల్‌లో కొంత నేల పోతుందన్న కోపమే ఎక్కువైంది. మెక్‌నీల్ రాజీనామా చేశారు. డిసెంబరు 3న లండన్, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ ప్రభుత్వాలు రాజీకి వచ్చాయి. గీత ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. బదులుగా బ్రిటన్ జాతీయ అప్పులో ఐర్లండ్ కట్టాల్సిన వాటాను రద్దు చేస్తారు. నివేదికను బీరువాలో పెట్టి తాళం వేశారు. అది అచ్చయి జనం ముందుకు వచ్చింది 1969లో, సరిగ్గా బ్రిటిష్ సైన్యం బెల్‌ఫాస్ట్, డెర్రీ వీధుల్లో దిగిన ఏడాది.

ఆ గీత మారి ఉంటే ఘర్షణే ఉండేది కాదని చెప్పలేం. బెల్‌ఫాస్ట్‌లో మండాల్సినవి ఎలాగూ మండేవి. కానీ క్రాస్‌మగ్లెన్ మాత్రం మొనహన్ జిల్లాలోని మామూలు సంత ఊళ్లలాగే ఉండేదని నమ్మడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. తమ కోరికను చట్టబద్ధంగా అడిగి, న్యాయమూర్తితో అవుననిపించుకుని, తర్వాత అప్పు లెక్కల్లో మునిగిపోయిన ఊరు అది. అక్కడివాళ్లకు బెల్‌ఫాస్ట్ ప్రభుత్వం తమదన్న భావం ఎందుకు కలగలేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా లోతుకు వెళ్లనక్కర్లేదు.

1923 ఏప్రిల్ 1 నుంచే సరిహద్దు మీద కస్టమ్స్ పోస్టులు వచ్చాయి. కొన్ని రోడ్లకు మాత్రమే సరుకు తీసుకెళ్లే అనుమతి, మిగతావన్నీ అనుమతి లేని రోడ్లు. ధర ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉన్నచోట దొంగరవాణా పుట్టకుండా ఉండదు. 1930లలో రెండు ప్రభుత్వాల మధ్య సుంకాల యుద్ధం నడిచినప్పుడు పశువులు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెన్న, చక్కెర, టీ ఆకు రాత్రిళ్లు గీత దాటేవి. దీన్ని ఊళ్లో ఎవరూ నేరంగా చూడలేదు. చీకట్లో పొలాల గట్ల వెంట దారులు, ఎవరింటి వెనక ఏ కంచెలో సందు ఉందో, కస్టమ్స్ బండి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఇవన్నీ తండ్రి నుంచి కొడుక్కి అందాయి. 1956 నుంచి 1962 దాకా ఐఆర్‌ఏ సరిహద్దు పొడవునా చేసిన దాడులకు జనం మద్దతు పెద్దగా రాలేదు, అవి చల్లారిపోయాయి. దారులు తెలిసిన మనుషులు మాత్రం అలాగే ఉన్నారు.

ఈ దశలో క్రాస్‌మగ్లెన్ తుపాకీ ఊరు కాదు. అలా మారడం 1970, 1971లలో, చాలా తొందరగా జరిగింది. 1970 ఆగస్టులో ఊరి దగ్గర దొంగిలించిన కారు ఒకటి వదిలేసి ఉంది. పరిశీలించడానికి వచ్చిన ఇద్దరు పోలీసులు తలుపు తీయగానే బాంబు పేలింది. ఇద్దరూ చనిపోయారు. ఈ ఘర్షణలో ఐఆర్‌ఏ చేతిలో చనిపోయిన మొదటి పోలీసులు వీళ్లే. ఊళ్లో అప్పటికి చాలామందికి ఆ హత్యలు ఏమాత్రం ఇష్టం లేవు.

దాదాపు ఏడాది తర్వాత, 1971 ఆగస్టు 7న, దక్షిణ ఆర్మాకు చెందిన ఇద్దరు వ్యాన్‌లో బెల్‌ఫాస్ట్‌లో ఒక పోలీస్ స్టేషన్ ముందు నుంచి వెళ్తున్నారు. వ్యాన్ సైలెన్సర్ ఢాం అని పేలింది. తుపాకీ పేలిందనుకుని ఒక సైనికుడు కాల్పులు జరిపాడు. డ్రైవరు అక్కడికక్కడే చనిపోయాడు. పక్కనున్న మనిషిని స్టేషన్‌లోకి ఈడ్చుకెళ్లి బాగా కొట్టారు. వాళ్ల దగ్గర ఆయుధం ఏదీ లేదు. రెండు రోజులకు, ఆగస్టు 9న, విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద వందలాది కాథలిక్కులను తెల్లవారుజామున ఇళ్లలోంచి లాక్కెళ్లారు. అంతకుముందు తటపటాయించిన దక్షిణ ఆర్మా యువకులు ఆ తర్వాత ఐఆర్‌ఏలో చేరడానికి వెనకాడలేదు.

గీత అప్పుడు కొత్త పనికి వచ్చింది. దాడి చేసినవాళ్లు అవతలికి దాటితే బ్రిటిష్ సైన్యం వెంటాడకూడదు. బాంబును గీతకు ఇవతల కల్వర్టు కింద పెట్టి, అవతల గుట్ట మీద కూర్చుని మీట నొక్కొచ్చు. సైన్యం దీనికి విరుగుడుగా చిన్న రోడ్లను పేల్చి గుంతలు చేసింది, ఇనుప దూలాలు పాతింది. పాలు పోసేవాడు, బడికి వెళ్లే పిల్లలు, చర్చికి వెళ్లే ముసలివాళ్లు పది నిమిషాల దారికి గంట తిరగాల్సి వచ్చింది. జనం ట్రాక్టర్లు తెచ్చి గుంతలు పూడ్చేవారు, సైన్యం మళ్లీ తవ్వేది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఈ రోడ్ల మూసివేత వల్ల ఐఆర్‌ఏ కదలికలు ఎంత తగ్గాయో గానీ, రాజకీయాలతో సంబంధం లేని రైతు కూడా సైన్యాన్ని శత్రువుగా చూడటం మొదలుపెట్టాడు.

కొంతకాలానికి సైన్యమే రోడ్డు మీద తిరగలేని స్థితికి వచ్చింది. కల్వర్టు బాంబుల భయంతో క్రాస్‌మగ్లెన్ బేస్‌కు తిండి, తూటాలు, మనుషులు అన్నీ హెలికాప్టర్‌లోనే. ఆఖరికి చెత్త కూడా గాల్లోనే బయటికి పోయేది. ఆ హెలికాప్టర్లు ఎగిరేది బెస్‌బ్రుక్ నుంచి. 1845లో క్వేకర్ మతానికి చెందిన ఒక నార బట్టల వ్యాపారి కట్టించిన మిల్లు ఊరది. అందులో సారా దుకాణం ఉండకూడదు, తాకట్టు దుకాణం ఉండకూడదు, ఆ రెండూ లేకపోతే పోలీస్ స్టేషన్ కూడా అక్కర్లేదు అన్నది ఆయన ఆలోచన. అంత శాంతి కోసం కట్టిన ఊరి మిల్లు యూరప్‌లో అత్యంత రద్దీగా ఉండే హెలికాప్టర్ స్థావరాల్లో ఒకటైంది.

క్రాస్‌మగ్లెన్‌లో ఆ హెలికాప్టర్లు దిగే చోటు ఫుట్‌బాల్ మైదానాన్ని ఆనుకుని ఉంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే గేలిక్ ఫుట్‌బాల్, చేత్తోనూ కాలితోనూ ఆడే ఐరిష్ ఆట. 1887లో మొదలైన క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ క్లబ్బు ఊరికి ప్రాణం. 1970లలో సైన్యం తన కోటను పెంచుకుంటూ క్లబ్బు స్థలంలోంచి కొంత తీసేసుకుంది. గోల్‌పోస్టుల వెనక ఇనుప రేకుల గోడలు, కాపలా బురుజులు లేచాయి. ఆట మధ్యలో హెలికాప్టర్ తక్కువ ఎత్తులో వస్తే చెవులు గింగురుమనేవి, దుమ్ము లేచేది, ఆట ఆపేయాల్సి వచ్చేది. బంతి వెంట పరుగెత్తుతున్న పదేళ్ల పిల్లవాడిని బురుజులోంచి తుపాకీ పట్టుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు చూస్తూ ఉండేవాడు. ఆ సైనికుడు ఇంగ్లండ్‌లోనో స్కాట్లండ్‌లోనో ఏ పేదవాడలోనో పుట్టి, ఆరు నెలల డ్యూటీ ఎలాగోలా ముగిస్తే చాలనుకుంటూ టెన్షన్‌తో బతుకుతున్నవాడు. స్థలం కోసం క్లబ్బు ఏళ్ల తరబడి పోరాడింది. అదే మైదానంలో పెరిగిన జట్టు 1997లో మొదలుపెట్టి 2012 వరకు ఆరుసార్లు ఐర్లండ్ క్లబ్ ఛాంపియన్‌గా నిలిచింది. బ్రిటిష్ సైనికులు, ఉత్తర ఐర్లండ్ పోలీసులు గేలిక్ ఆటల సంఘంలో చేరకూడదన్న నిషేధం ఉండేది. అది 2001లో పోయింది. దాన్ని ఎత్తేయడానికి చివరిదాకా ఇబ్బందిపడ్డవి ఉత్తరాది జిల్లాలే. ఈ మైదానాన్ని తలచుకుంటే అందులో వింత లేదు.

ఊరి కూడలిలో కూడా సైన్యానికి ఒక కాపలా బురుజు ఉండేది. 1976లో అదే కూడలిలో సైకిల్‌కు కట్టిన బాంబు పేలి చనిపోయిన ఒక సైనికుడి పేరు దానికి పెట్టారు. దానికి కొంచెం దూరంలో బ్రిటన్ పాలన పోవాలని పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ల కంచు విగ్రహం. రెండు పక్షాలూ తమ మృతులను ఒకే చోట నిలబెట్టుకున్నాయి. మధ్యలో జనం కూరగాయలు కొనుక్కునేవారు.

ఇంతవరకు చెప్పింది సైన్యానికీ ఐఆర్‌ఏకూ మధ్య యుద్ధం. దక్షిణ ఆర్మా చరిత్రను చాలామంది ఇలాగే చెప్పి ఆపేస్తారు. అలా ఆపడం అన్యాయం. 1975, 1976లలో ఇక్కడ జరిగింది ఇరుగుపొరుగును చంపుకోవడం.

అప్పట్లో గ్లెనాన్ అనే పల్లెలోని ఒక పొలం కేంద్రంగా ఒక ముఠా పనిచేసింది. అందులో ప్రొటెస్టెంట్ సాయుధ సంస్థవాళ్లతో పాటు పోలీసులు, సైన్యపు స్థానిక రెజిమెంట్‌లో పనిచేసేవాళ్లు కూడా ఉన్నారని తర్వాతి విచారణల్లో తేలింది. వాళ్లు చంపింది ఎక్కువగా ఏ సంస్థతోనూ సంబంధం లేని కాథలిక్కులను. మరోవైపు 1975 సెప్టెంబరు 1న రిపబ్లికన్ సాయుధులు టల్లీవాలెన్ ఆరెంజ్ హాల్‌లోకి చొరబడి ఐదుగురు ప్రొటెస్టెంట్లను చంపారు. డిసెంబరు 19న సిల్వర్‌బ్రిడ్జ్‌లో ఒక బార్ మీద గ్లెనాన్ ముఠా దాడిలో ముగ్గురు పోయారు. 1976 జనవరి 4న అదే ముఠా రెండు కాథలిక్ ఇళ్లలోకి వెళ్లి కాల్పులు జరిపింది. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, వారిలో ఒకరు కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి పోయారు. ఇంకో ఇంట్లో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు.

మరుసటి రోజు సాయంత్రం గ్లెనాన్‌లోని బట్టల ఫ్యాక్టరీ నుంచి పని ముగించుకుని ఒక మినీబస్సు బెస్‌బ్రుక్‌కు వెళ్తోంది. కింగ్స్‌మిల్ దగ్గర సైనిక దుస్తుల్లో ఉన్న మనుషులు ఆపారు. అందర్నీ దింపి వరసగా నిలబెట్టి, మీలో కాథలిక్ ఎవరు అని అడిగారు. ఒక్కడే ఉన్నాడు. వీళ్లు ప్రొటెస్టెంట్ ముఠావాళ్లు, అతన్ని చంపడానికే వచ్చారు అనుకుని, పక్కనున్న ప్రొటెస్టెంట్ తోటి పనివాళ్లు బయటపడవద్దని అతన్ని ఆపబోయారు. అతను ముందుకు వచ్చాడు. రోడ్డు మీద పరుగెత్తి పొమ్మన్నారు. తర్వాత మిగిలిన 11 మంది మీద తూటాలు కురిపించారు. పది మంది చనిపోయారు. ఒకరు 18 గాయాలతో బతికారు. ముందురోజు చనిపోయిన అన్నదమ్ముల శవాల కోసం న్యూరీ ఆసుపత్రికి వెళ్తున్న వాళ్ల బంధువులు ఆ దారిలోనే ఈ దృశ్యం మీదికి వచ్చారు.

ఆ దాడి తమది కాదని ఐఆర్‌ఏ అంది. వేరే పేరుతో ప్రకటన వచ్చింది. 2011లో పాత కేసుల దర్యాప్తు బృందం ఇది ఐఆర్‌ఏ పనేనని, మనుషులను మతం చూసి చంపారని తేల్చింది. దక్షిణ ఆర్మా సైన్యానికి ఎదురు నిలిచిన ప్రాంతం అని చెప్పుకునే కథలో కింగ్స్‌మిల్‌కు చోటు దొరకదు, అందుకే చాలామంది దాన్ని దాటేస్తారు. దాటేయకూడదు. సరిహద్దు గీసినవాళ్ల తప్పు, సైన్యం తప్పు ఎంతైనా చెప్పొచ్చు. తోటి పనివాణ్ని కాపాడాలని చూసిన మనిషిని మతం చూసి కాల్చినవాళ్ల తప్పు వాళ్లదే.

రెండు రోజుల తర్వాత బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ తమ ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్‌ను దక్షిణ ఆర్మాకు పంపుతున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 14న వైట్‌క్రాస్ దగ్గర చర్చికి నడిచి వెళ్తున్న 12 ఏళ్ల పాపను ఒక సైనికుడి తూటాలు చంపేశాయి. సైనికుణ్ని కోర్టు నిర్దోషి అంది. ఆ కుటుంబానికి బ్రిటన్ రక్షణ శాఖ క్షమాపణ చెప్పింది 2011లో.

భారతీయ పాఠకులకు తెలిసిన ఒక పేరు కూడా ఈ ఘర్షణలోనే ముగిసింది. 1979 ఆగస్టు 27న స్లైగో కౌంటీ తీరంలో మౌంట్‌బాటన్ పడవను ఐఆర్‌ఏ పేల్చేసింది. ఆయనతో పాటు ఇద్దరు పిల్లలు, ఒక వృద్ధురాలు చనిపోయారు. 1947లో మన దేశాన్ని రెండు చేసిన గీతకు అధికారముద్ర వేసిన చివరి వైస్రాయ్, ఇంకో విభజన రగిల్చిన మంటలో పోయారు. అదే రోజు మధ్యాహ్నం వారెన్‌పాయింట్ దగ్గర దక్షిణ ఆర్మా దళం పెట్టిన రెండు బాంబులకు 18 మంది సైనికులు బలయ్యారు. అక్కడ సరిహద్దు అంటే సన్నటి నీటి పాయ. మీట నొక్కింది అవతలి ఒడ్డు నుంచి. సైనికులు అటువైపు కాల్పులు జరిపితే సంబంధం లేని ఒక మనిషి చనిపోయాడు.

ఆ పాయకు అటూ ఇటూ ఉన్న పోలీసు శాఖల సంబంధం కూడా అంత తేలిక కాదు. 1989 మార్చిలో డన్‌డాక్ పోలీస్ స్టేషన్‌లో సమావేశం ముగించుకుని తిరిగి వస్తున్న ఉత్తర ఐర్లండ్ పోలీసు అధికారులు ఇద్దర్ని జోన్స్‌బరో దగ్గర మాటువేసి చంపారు. డబ్లిన్ ప్రభుత్వం నియమించిన న్యాయ విచారణ 2013లో నివేదిక ఇచ్చింది. డన్‌డాక్ స్టేషన్‌లోని వాళ్లే ఎవరో ఐఆర్‌ఏకు సమాచారం అందించారని అది తేల్చింది.

1980ల మధ్య నుంచి గుట్టల మీద లోహపు కాపలా టవర్లు లేచాయి. కెమెరాలు, మైకులు లోయ మొత్తాన్ని గమనించేవి. 1990ల్లో ఐఆర్‌ఏ అమెరికా నుంచి తెచ్చిన భారీ రైఫిళ్లతో దూరం నుంచి గురిచూసి కాల్చి తొమ్మిది మంది సైనికులను, పోలీసులను చంపింది. స్తంభాలకు స్నైపర్ పనిలో ఉన్నాడని హెచ్చరిక బోర్డులు కట్టేవారు. 1996 ఫిబ్రవరి 9న లండన్ డాక్‌లాండ్స్‌లో ఇద్దర్ని చంపి, ఐఆర్‌ఏ అప్పటికి పాటిస్తున్న కాల్పుల విరమణను తెంచిన లారీ బాంబు కూడా ఇక్కడే తయారైంది. శాంతి చర్చల లెక్కలో ఇది చిన్న విషయం కాదు. దక్షిణ ఆర్మా దళం ఒప్పుకోకపోతే ఏ ఒప్పందమూ నిలవదని ఐఆర్‌ఏ నాయకత్వానికీ లండన్‌కూ తెలుసు. 1997 ఫిబ్రవరి 12న బెస్‌బ్రుక్ చెక్‌పోస్టు దగ్గర 23 ఏళ్ల సైనికుడు ఒకావిడ కారు ఆపి, లైసెన్స్ చూసి తిరిగి ఇస్తుండగా తూటా తగిలింది. శాంతి ఒప్పందానికి ముందు చనిపోయిన చివరి సైనికుడు అతను. ఆ తర్వాత అతని తల్లి శాంతి చర్చలు ఆగకూడదని బహిరంగంగా వేడుకున్నారు.

1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. దాని గురించి చాలా రాశారు. క్రాస్‌మగ్లెన్ వైపు నుంచి చూస్తే మార్పు మెల్లగా, కంటికి కనిపించే రూపంలో వచ్చింది. కూడలి బురుజు కూల్చారు. 2005లో ఐఆర్‌ఏ ఆయుధాలు వదిలేసింది. గుట్టల మీది టవర్లు 2007 కల్లా పోయాయి, ఆ జూలై 31న ఉత్తర ఐర్లండ్‌లో సైన్యపు 38 ఏళ్ల ఆపరేషన్ ముగిసింది. కస్టమ్స్ పోస్టులు అంతకుముందే, 1993లో యూరప్ ఉమ్మడి మార్కెట్‌తో పోయాయి. ఇప్పుడు సరిహద్దు దాటామని తెలిసేది వేగ పరిమితి బోర్డు మీద మైళ్లు కిలోమీటర్లుగా మారినప్పుడే. గీత ఎక్కడా కదల్లేదు, 1925లో ఉన్నచోటే ఉంది. దాన్ని జనం రోజువారీ బతుకులోకి రాకుండా చేయడంతోనే ఊరు ఊపిరి పీల్చుకుంది.

అయితే తుపాకీ మీద నడిచిన పాతికేళ్లు ఒక ఒప్పందంతో మాయం కావు. యుద్ధకాలంలో పోలీసులు లేని ఊళ్లో న్యాయం చెప్పింది ఐఆర్‌ఏ. ఇన్‌ఫార్మర్లని అనుమానించిన వాళ్లను మాయం చేసింది కూడా ఈ సరిహద్దు మీదే. క్రాస్‌మగ్లెన్‌కు చెందిన ఇద్దరు మనుషులు ఒకరు 1979లో, ఒకరు 1981లో కనిపించకుండా పోయారు. వాళ్ల శరీరాలు సరిహద్దు అవతల మొనహన్, లౌత్ కౌంటీల్లో దొరికింది 2010లో. 2007లో పక్కనున్న కల్లీహానాకు చెందిన 21 ఏళ్ల కుర్రాణ్ని సరిహద్దు అవతల ఒక షెడ్‌లోకి పిలిపించి కొట్టి చంపారు. స్థానిక ఐఆర్‌ఏ మనుషులతో పడిన గొడవే కారణమని కుటుంబం అంటోంది. హత్యానేరం మీద ఎవరికీ శిక్ష పడలేదు. పాత దొంగరవాణా దారుల్లో డీజిల్ నడిచింది. పన్ను తక్కువ పడే వ్యవసాయ డీజిల్‌లోని రంగును రసాయనాలతో తీసేసి అమ్మేవారు. మిగిలిన విషపు మడ్డి రోడ్ల పక్కన, వాగుల దగ్గర పారేసి పోయేవారు.

2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోవాలని ఓటేసినప్పుడు ఈ నియోజకవర్గంలో దాదాపు 63 శాతం వద్దన్నారు. మళ్లీ చెక్‌పోస్టులు వస్తాయేమో అన్న భయంతో సరిహద్దు రోడ్ల పక్కన బోర్డులు వెలిశాయి. చివరికి సరుకుల తనిఖీని ఐర్లండ్ దీవికీ బ్రిటన్‌కూ మధ్యనున్న సముద్రంలోకి జరిపారు, 2023 ఫిబ్రవరిలో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ చేసుకున్న విండ్సర్ ఒప్పందంతో దాన్ని సర్దారు. ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్ పార్టీలకు అది మింగుడు పడలేదు, వాళ్ల బాధకూ కారణం ఉంది. కానీ గీత మళ్లీ క్రాస్‌మగ్లెన్ వీధి చివర కాపలాతో నిలబడితే ఏమవుతుందో లండన్‌కు, డబ్లిన్‌కు, బ్రసెల్స్‌కు ఈసారి తెలుసు. 1925లో లేని తెలివి అది.

ఇంకా తేలనివి కోర్టుల్లో ఉండేవి. కింగ్స్‌మిల్ మరణాల మీద విచారణ ముగించిన న్యాయాధికారి 2024 ఏప్రిల్‌లో అది నగ్నంగా మతవిద్వేషంతో ఐఆర్‌ఏ చేసిన దాడి అని ప్రకటించారు. కొద్ది రోజులకే, మే 1న, లండన్ పార్లమెంటు చేసిన కొత్త చట్టం అలాంటి విచారణలన్నిటినీ ఆపేసింది. ఆ చట్టాన్ని బాధిత కుటుంబాలు, రెండు మతాలవాళ్లూ, వ్యతిరేకించారు. ఆ పది హత్యలకు ఈరోజు వరకు ఒక్కరికీ శిక్ష పడలేదు. ముందురోజు రెండు ఇళ్లలో పోయిన ఆరుగురికీ అంతే.